ఎక్కువ కోస్తే ఎక్కువ బతుకుతారా?

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, ఈపాటికి బాగా తిట్టుకుని ఉంటావు. కోపం పెట్టుకోకురా, ఇక్కడ డ్యూటీలు అలా ఉన్నాయి. అమ్మ మోకాళ్లు కాస్త నయం. చెల్లి బీఎడ్‌లో చేరింది. నేను రూమ్ మారాను, పక్క గదిలో అచ్చం మన పంప్‌హౌస్ బాబాయ్ లాంటి మనిషి ఉన్నాడు, ఇక నీకే అర్థమవుతుంది. సరే, ఇవన్నీ తర్వాత. ఒక సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న జర్నల్ క్లబ్‌లో, అంటే మా డాక్టర్లం కూర్చుని పరిశోధనలు చర్చించుకునే చోట, మాట్లాడమని నాకు రొమ్ము క్యాన్సర్ మీద బెర్నార్డ్ ఫిషర్ రాసిన పరిశోధన పేపర్లు ఇచ్చారు. ఆయన పిట్స్‌బర్గ్ సర్జన్. నూటొక్క ఏళ్లు బతికి 2019లో పోయాడు.

ముందు హాల్‌స్టెడ్ గురించి చెప్పాలి. జాన్స్ హాప్‌కిన్స్‌లో పెద్ద సర్జన్. రొమ్ము క్యాన్సర్‌కి తాను చేసిన ఆపరేషన్ల గురించి 1894లో పేపర్ రాశాడు. రొమ్ము, దాని కింద ఛాతీ కండరాలు, చంకలో వడపోతలా పనిచేసే లింఫ్ గ్రంథులు, అన్నీ కలిపి తీసేయడమే ఆ ఆపరేషన్. క్యాన్సర్ గడ్డ నుంచి గ్రంథులకీ, అక్కణ్ణించి ఒంట్లోకీ వరసగా పాకుతుందనీ, ఎంత మేర కోసేస్తే అంత మంచిదనీ ఆయన లెక్క. ఛాతీ గుంటపడేది. చాలామందికి చెయ్యి వాచిపోయి జీవితాంతం అలాగే ఉండేది. అయినా దాదాపు 80 ఏళ్లు అదే నడిచిందిరా! లండన్‌లో జెఫ్రీ కీన్స్ లాంటి వాళ్లు ఇంత కోత అవసరమా అని అడిగారు గానీ, అవతలివాళ్లు ఒప్పుకునేంత రుజువు లేకపోయింది.

ఫిషర్ తన తమ్ముడు ఎడ్విన్‌తో కలిసి జంతువుల మీద ప్రయోగాలు చేశాడు. లింఫ్ గ్రంథులు క్యాన్సర్ కణాల్ని ఆపలేకపోతున్నాయి, కణాలు రక్తంలోకీ పోతున్నాయి అని తేలింది. అవి ముందే ఒళ్లంతా వెళ్లి ఉంటే, ఇంకో నాలుగంగుళాలు ఎక్కువ కోసి ఏం లాభం? ఆలోచించు, ఒక సర్జన్ తోటి సర్జన్లని ఈ మాట అడగడం!

అడిగి ఊరుకోలేదు. 1971లో ట్రయల్, అంటే పేషెంట్లలో రెండు రకాల వైద్యాన్ని పోల్చి చూసే పరీక్ష, మొదలుపెట్టాడు. ఎవరికి పెద్ద ఆపరేషన్, ఎవరికి కండరాలు ముట్టకుండా చేసేది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. 25 ఏళ్లు చూసి 2002లో రాశారు: బతికినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1976లో రెండోది. అసలు రొమ్మే తీయకుండా గడ్డ ఒక్కటీ తీస్తే? ఆ లెక్కలో 1,851 మంది ఆడవాళ్లున్నారు. 20 ఏళ్ల తర్వాత చూసినా ప్రాణం విషయంలో తేడా లేదు. గడ్డ మాత్రమే తీసినవాళ్లలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, రేడియేషన్ కూడా ఇస్తే 14.3 శాతానికి తగ్గింది. అందుకే ఇప్పుడు గడ్డ తీశాక రేడియేషన్ ఇస్తాం. అదే 2002లో ఇటలీలోని మిలాన్ నుంచి వెరోనేసి అనే సర్జన్ వాళ్ల 20 ఏళ్ల లెక్కలూ వచ్చాయి, వాళ్లదీ అదే మాట.

నన్ను కదిలించింది ఆ 1,851 మందిరా. పేపర్ మీద డాక్టర్ల పేర్లుంటాయి, వీళ్లవి ఉండవు. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని, నా ఆపరేషన్ ఏదో చీటీ తేల్చినా సరే అని సంతకం పెట్టడమంటే... నేనైతే, ఏమో.

ఇంకోటి, ఇది రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది. మాంట్రియల్‌లో ఒక సర్జన్ కొందరు పేషెంట్ల వివరాలు మార్చి రాశాడని తేలి, 1994లో ఫిషర్‌ని ట్రయల్స్ పెద్ద పదవి నుంచి తప్పించారు. ఆ పేషెంట్లని తీసేసి మళ్లీ లెక్క కట్టినా ఫలితం మారలేదు. 1997లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ ఆయనకి క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆయనకి ఎనభైకి దగ్గర. ఆ మూడేళ్లు ఎవరు తిరిగిస్తారు?

మొన్న ఓపీకి ఒకావిడ వచ్చింది. చిన్న గడ్డ. "మొత్తం తీసేస్తారా బాబూ?" అని అడిగింది. అక్కర్లేదమ్మా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తాం అన్నాను. పక్కనున్న వాళ్లాయన ముఖం నువ్వు చూడాల్సిందిరా. మా దగ్గరికి చాలామంది గడ్డ బాగా ముదిరాక వస్తారు, అందరికీ ఈ మాట చెప్పలేం, అది వేరే బాధ. దాని గురించి నీకో పెద్ద ఉత్తరం రాయాలి.

రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్ మందు సంగతి ఇంకా మొదలే పెట్టలేదు, అదీ ఈయన ట్రయలే, 1998లో... క్యాజువాలిటీ నుంచి ఫోన్ వస్తోంది. ఉంటాను. సంక్రాంతికి వస్తున్నావా లేదా, అది రాయి ముందు.

నీ
మూర్తి