దుకాణం మూసి భోజనానికి వెళ్లాం

మా సబ్బులు వాడేవాళ్లందరికీ నమస్కారం.

పోయిన వారం ఆర్డర్ పెట్టిన చాలామందికి పార్సిల్ ఇంకా అందలేదు. స్టాక్ లేక కాదు, కొరియర్ వాళ్ల తప్పూ కాదు. మా ఆయన పుట్టినరోజు వచ్చింది, షాపు మూసి ఇద్దరం ఊరెళ్లాం. బిజినెస్ పని మీద వెళ్లామని రాస్తే ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. కానీ ఒక్క పని కూడా పెట్టుకోకుండా వెళ్లాం కాబట్టి ఉన్నమాటే రాస్తున్నాను.

ఈ షాపులో మీకు కనిపించేది నేనే. మెసేజ్‌లకు జవాబులిచ్చేదీ, ఫొటోలు పెట్టేదీ నేను. నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా తూచేది మాత్రం ఆయన. సోడా ఎక్కువైతే సబ్బు చర్మాన్ని మండిస్తుంది, తక్కువైతే జిడ్డుగా మిగిలిపోతుంది. దాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలే తప్ప, సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. అందుకని కళ్లద్దాలూ గ్లవుజులూ వేసుకుని, నన్ను గదిలోంచి పంపించేసి మరీ ఆ పని చేస్తారు. లేబుళ్లు అతికించడం, పెట్టెలు కట్టడం కూడా ఆయన వంతే. ఇంట్లో ఉంటే పుట్టినరోజైనా సాయంత్రానికి టేపు పట్టుకుని కూర్చుంటారు. అందుకే ఊరు దాటించాను.

రాత్రి భోజనానికి కాకుండా మధ్యాహ్నానికి టేబుల్ బుక్ చేశాను. "స్పెషల్ అంటే డిన్నరే కదా" అన్నారు ఒకరిద్దరు. ప్రయాణంలో ఆ లెక్క కుదరదని నా అభిప్రాయం. హోటల్ గది సాధారణంగా 11కో 12కో ఖాళీ చేయాలి. తర్వాతి చోట గది ఇచ్చేది 2కో 3కో. ఆ మధ్య గంటల్లో మనం ఎక్కడివాళ్లమూ కాదు. బ్యాగులు ఒళ్లో పెట్టుకుని లాబీలో కునికిపాట్లు పడాల్సిందే. మేం బ్యాగులు రిసెప్షన్‌లో అప్పజెప్పి, సరిగ్గా ఆ ఖాళీలో భోజనం పెట్టుకున్నాం. పగలే కాబట్టి అలసట లేదు, చీకటి పడ్డాక కొత్త ఊళ్లో తిరిగి రావాలన్న టెన్షన్ లేదు. రాత్రి మన చేతికి అందనంత ఖరీదుగా ఉండే రెస్టారెంట్లు కొన్ని మధ్యాహ్నం చిన్న మెనూ పెట్టి తక్కువకే వడ్డిస్తాయి, అదొక లాభం.

ఒక్క చిక్కుంది. చాలాచోట్ల మధ్యాహ్నం సర్వీస్ అయ్యాక వంటగది మూసేసి మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. బోర్డు మీద రాసే టైం వేరు, చివరి ఆర్డర్ తీసుకునే టైం వేరు. ఫోన్ చేసినప్పుడే ఆ రెండోది అడిగి తెలుసుకున్నాను. ఆయనకు పడని పదార్థాలేవో అప్పుడే చెప్పేశాను. పుట్టినరోజని కూడా చెప్పాను గానీ, దయచేసి లైట్లు ఆర్పొద్దు, చుట్టూ చేరి పాట పాడొద్దు అని బతిమాలుకున్నాను. నలుగురూ తనవైపు చూస్తుంటే ఆయనకు ముద్ద దిగదు. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. కిటికీ పక్క టేబుల్ ఇచ్చి, చివర్లో తీపి తెచ్చి పెట్టి, చిన్నగా శుభాకాంక్షలు చెప్పి వెళ్లిపోయారు. అంతకంటే బాగా ఎవరు చేస్తారు?

ఆయన మాత్రం చేతులు కడుక్కోవడానికి వెళ్లి ఎంతకీ రాలేదు. వచ్చి కూర్చుంటూనే, "అక్కడున్నది అసలు సబ్బే కాదు, డిటర్జెంటుకి వాసన కలిపారు" అన్నారు. నిజమైన ద్రవ సబ్బు సోడియం హైడ్రాక్సైడ్‌తో, అంటే మేం బార్లకు వాడే కాస్టిక్ సోడాతో కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చేస్తారు. మార్కెట్లో దొరికే హ్యాండ్‌వాష్‌లు చాలావరకు అదీ కాదు, ఇదీ కాదు. ఈ పాఠం నాకు మెనూ చూస్తుండగానే చెప్పారు. దుకాణం మూశాం గానీ దుకాణదారుణ్ణి మూయలేకపోయాను.

భోజనం మధ్యలో ఒక కస్టమర్ నుంచి వరసగా మెసేజ్‌లు వచ్చాయి. పార్సిల్ ఏదని అడిగారు, తర్వాత కోప్పడ్డారు, చివరికి ఆర్డర్ రద్దు చేసుకున్నారు. నేను బిల్లు కట్టాకే ఫోన్ తీశాను. వాళ్ల డబ్బు అప్పుడే తిరిగి పంపించాను. సెలవు సంగతి పేజీ పైన ముందే పెట్టాం, అయినా వాళ్లకు సబ్బు ఎవరికో బహుమతిగా ఇవ్వాల్సి ఉందట, ఆ కోపం నాకు అర్థమైంది. కానీ మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ బిల్లు కట్టాకే ఫోన్ తీస్తాను. ఇకమీదట ఏటా ఈ రోజుకు షాపు సెలవే.

ఇక పని మాట. ఆగిన పార్సిళ్లు సోమవారం నుంచి ఆర్డర్ వచ్చిన వరసలోనే బయల్దేరతాయి. ఫలానా తేదీకే కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, వీలైనంతవరకు ముందుకు జరుపుతాను. కొత్త విడత గురించి చాలామంది అడుగుతున్నారు. అది మేం ఊళ్లో ఉన్నా లేకపోయినా అరల మీద ఆరుతూనే ఉంటుంది. మేం చేసే పద్ధతిలో నూనె సబ్బుగా మారడం ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు అయిపోతుంది. లోపలి నీరు ఆరి బార్ గట్టిపడటానికి మాత్రం 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొందరపడి పంపిస్తే స్నానాలగదిలో నాలుగు రోజులకే కరిగిపోతుంది. అందుకే ముందస్తు ఆర్డర్లు తీసుకోవడం లేదు.

ఆయనకు శుభాకాంక్షలు చెప్పాలనుకుంటే నాకు పంపకండి, ఆర్డర్ నోట్‌లో రాయండి. పెట్టె కట్టేటప్పుడు ఆ నోట్ చదివేది ఆయనే.