రోజాబల్ సమాధి తవ్వాలంటున్నవాళ్లకి

ఎడిటర్ గారికి నమస్కారం. శ్రీనగర్ ఖాన్యార్‌లో ఉన్న రోజాబల్ దర్గాలో ఉన్నది యేసుక్రీస్తు సమాధేనని వీడియోలు తెగ తిరుగుతున్నాయి, మా చర్చి వాట్సాప్ గ్రూపులో కూడా వచ్చింది, సొంతంగా రీసెర్చ్ చేస్తున్నాం అనేవాళ్లేమో సమాధి తెరిచి డీఎన్ఏ టెస్ట్ చేస్తే తేలిపోతుంది కదా అంటున్నారు. ఏం తేలుతుందండీ, ఆ డీఎన్ఏని ఎవరిదాంతో పోల్చి చూస్తారు?

అక్కడున్నవి యూజ్ ఆసఫ్ అనే ఆయన సమాధి, సయ్యద్ నసీరుద్దీన్ అనే ముస్లిం పెద్దాయన సమాధి. పాదాలు చెక్కిన రాయి కూడా ఒకటుంది, వాటిమీద మేకుల గాయాలున్నాయంటారు, చూసే కళ్లని బట్టి లెండి. ఆ యూజ్ ఆసఫే యేసు, అది యేసు సమాధి అని గట్టిగా ప్రచారం చేసింది ఇస్లాంలోంచి పుట్టిన అహ్మదియా ఉద్యమం పెట్టిన మీర్జా గులాం అహ్మద్, 1899 ప్రాంతంలో. అంతకుముందు 1894లో నోటోవిచ్ అనే రష్యన్ లడఖ్ హెమిస్ మఠంలో యేసు ఇండియా వచ్చిన కథ దొరికిందని పుస్తకం వేశాడు, తర్వాత ఇంకొకాయన వెళ్లి అడిగితే అక్కడి పెద్ద లామా అలాంటిదేం లేదు పొమ్మన్నాడు. అసలు యూజ్ ఆసఫ్ కథే బుద్ధుడి కథ అరబ్బుల దాకా వెళ్లి రూపం మారిందని స్కాలర్లు చెప్తారు, నాకైతే ఇదే ఇంట్రెస్టింగ్, దీనిమీద మాత్రం ఒక్క వీడియో కనపడదు.

2010లో టూరిస్టులు ఎగబడేసరికి దర్గా వాళ్లు తాళం వేసుకున్నారు. మరి వేసుకోరా, దువా చేసుకునే చోట గునపం దించుతానంటే మనూళ్లో అయినా ఊరుకుంటారా? మీ ఆదివారం పేజీలో ఈ హిస్టరీ తెలిసినవాళ్లతో రాయించండి, యూట్యూబ్ హెడ్డింగ్ మాత్రం పెట్టకండి.

- ఒక పాఠకుడు, గుంటూరు