సలహాదారు మాట ఫైల్లో ఎక్కడ?

సంపాదకులకు,

ప్రభుత్వం మారినప్పుడల్లా సలహాదారులెందరు, జీతమెంత అన్నదే చర్చ. అసలు తిరకాసు ఫైల్లో ఉంది.

సచివాలయంలో (గ్రామ సచివాలయం కాదు, వెలగపూడిది) ఫైలు సెక్షన్‌లో పుట్టి కార్యదర్శి, మంత్రి మీదుగా ముఖ్యమంత్రి దాకా పోతుంది. సలహాదారుకు క్యాబినెట్ హోదా ఇచ్చినా అది కారుకూ పేషీకే. ప్రమాణం చేసిన మంత్రి కాడు గనుక నిర్ణయం రాసే అధికారం రాదు. అందుకే మాట ఫోన్లో వస్తుంది. కింది అధికారి నోట్‌ఫైల్లో ‘చర్చించిన మేరకు’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెడతాడు. ఎవరితో, ఏ రోజు చర్చించాడో రాయడు. అయిదేళ్లకు ఆడిటో ఏసీబీయో వస్తే దొరికేది ఆ సంతకం ఒక్కటే. పైఅధికారి నోటిమాటగా చెప్పినదాన్ని వీలైనంత త్వరగా రాతలో తీసుకోవాలని అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1968) 3వ నియమం చెబుతోంది. సలహాదారు పైఅధికారే కానప్పుడు రాసివ్వమని ఎవర్ని అడగాలి?

2003 నాటి 91వ రాజ్యాంగ సవరణతో మంత్రుల సంఖ్య శాసనసభలో 15 శాతం దాటకూడదు. మన ఆంధ్రప్రదేశ్‌లోని 175 శాసనసభ స్థానాలకు ముఖ్యమంత్రితో కలిపి 26. బెర్తు దొరకనివారికి సలహాదారు పదవి అలా అక్కరకొచ్చింది. నిజమైన రాజకీయ సలహాదారు వేరు. వైఎస్ పక్కన కేవీపీ, జగన్ పక్కన సజ్జల: ఆ కొలువెలాంటిదో కడపవాళ్లకు వేరే చెప్పాలా? దాని బలం జీవోలో ఉండదు, నాయకుడి నమ్మకంలో ఉంటుంది. ఆయన దిగితే ఈయనా దిగాల్సిందే.

బ్రిటన్‌లో 1997లో టోనీ బ్లెయిర్ తన ఇద్దరు సలహాదారులు, అలిస్టర్ క్యాంప్‌బెల్, జొనాథన్ పావెల్, ప్రభుత్వోద్యోగులకు ఆదేశాలివ్వొచ్చని ఉత్తర్వు తెచ్చారు. 2007లో గోర్డన్ బ్రౌన్ రాగానే దాన్ని రద్దు చేశారు. 2010 చట్టం ఇంకా బిగించింది: సలహాదారు ప్రభుత్వ ఖర్చుకు అనుమతి ఇవ్వరాదు, నియమించిన మంత్రితోపాటే పదవి పోతుంది, ఎందరున్నారో ఎంత ఖర్చయిందో ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి.

ఇక్కడ చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నియామక జీవోలోనే రెండు వాక్యాలు చేరిస్తే సరి: సలహా ఏదైనా సంతకం, తేదీతో ఫైల్లోకి రావాలి, ఫోన్లో చెబితే విన్న అధికారి చెప్పినవారి పేరు, సమయం నోట్‌లో రాయాలి. ఫైళ్లు నడిచే కంప్యూటర్ వ్యవస్థ ఈ-ఆఫీసులో దానికి కొత్త గడి కూడా అక్కర్లేదు, ఉన్న నోట్‌షీటు చాలు.

– ఇద్దరు విశ్రాంత సచివాలయ ఉద్యోగులు, కడప