గ్రాండ్ టెస్టులో మైనస్ ఏడు: సీనియర్ ఇంటర్ తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం నుంచి మీ ఫోన్లలో తిరుగుతున్న సంగతి నా దాకా వచ్చింది. సీనియర్ ఇంటర్ ఎంపీసీ పిల్లలకు జేఈఈ మెయిన్ (ఎన్‌ఐటీల్లాంటి సంస్థల్లో ఇంజనీరింగ్ సీట్ల కోసం జాతీయ స్థాయిలో జరిగే ప్రవేశ పరీక్ష) పద్ధతిలో పెట్టిన గ్రాండ్ టెస్టులో ఒకరికి ఫిజిక్స్‌లో మైనస్ ఏడు వచ్చింది. మెసేజ్ చూసి సాఫ్ట్‌వేర్ ఏదో తేడా చేసిందని కొందరు అనుకున్నారట. ఏ తేడా లేదు. 25 ప్రశ్నల్లో 22 పెట్టారు. 3 ఒప్పు, 19 తప్పు. ఒప్పుకు నాలుగు చొప్పున 12 వచ్చాయి, తప్పుకు ఒకటి చొప్పున 19 పోయాయి. మిగిలింది మైనస్ ఏడు.

ఆ విద్యార్థి ఎవరో కనిపెట్టడానికి వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండున్నర దాకా పరిశోధన సాగిందని విన్నాను. అంత ఓపిక ఉన్నవాళ్లు ఆ ప్రశ్నపత్రం కూడా ఒకసారి చూసి ఉంటే బాగుండేది. ఇక మీదట మార్కులు గ్రూపులో రావు. ఎవరి పిల్లల మార్కులు వాళ్ల ఫోనుకే వస్తాయి.

సోమవారం గేటు దగ్గర ఒక నాన్నగారు నన్ను ఆపి, "సున్నా కంటే కిందికి మార్కులేంటి మేడమ్, ఈఏపీసెట్‌లో లేవు కదా" అన్నారు. లేవు, నిజమే. మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కోదానికి ఒక మార్కు, తప్పు పెట్టినా ఏమీ పోదు. జేఈఈ మెయిన్ అలా కాదు. 2025 నుంచి మూడు సబ్జెక్టులకూ 25 చొప్పున 75 ప్రశ్నలే, అన్నీ రాయాల్సినవే. న్యూమరికల్ ప్రశ్నల్లో పదిలో నచ్చిన ఐదు ఎంచుకునే వెసులుబాటు పోయింది. రెండు పరీక్షలకూ ఇచ్చేది మూడు గంటలే. ఒకచోట ప్రశ్నకు అటూ ఇటూగా 67 సెకన్లు, ఇంకోచోట రెండు నిమిషాల 24 సెకన్లు. మన పిల్లలు ఈ రెండింటినీ ఒకే ఊపులో రాస్తున్నారు. ఆదివారం బయటపడింది అదే. జనవరిలో అసలు జేఈఈలో బయటపడే కన్నా ఇప్పుడే బయటపడటం మేలు.

ఈఏపీసెట్‌లో ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా నష్టమే. చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవాటన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ నొక్కి రావాలని పిల్లలకు గట్టిగా చెప్పాం. జేఈఈలో లెక్క వేరు. గుడ్డిగా నొక్కితే నాలుగింటికి ఒకటి తగులుతుంది, నాలుగు వచ్చి మూడు పోతాయి, అంటే కాస్త లాభమే కదా అని మన మ్యాథ్స్ సెక్షన్లో తెలివైన కుర్రాడు ఒకడు నాతో వాదించాడు. కాగితం మీద వాడిదే ఒప్పు. కానీ ఆప్షన్లు తయారుచేసేవాళ్లు పిల్లలు చేసే మామూలు తప్పులన్నీ ముందే చేసి, వాటినే ఆప్షన్లుగా పెడతారు. సగం తెలిసినవాడు నేరుగా వెళ్లి అందులోనే పడతాడు. రెండు ఆప్షన్లను కారణం చూపించి కొట్టేయగలిగితే పెట్టండి, లేదంటే వదిలేయండి అన్నది మా మాట. ప్రతి సబ్జెక్టులోనూ చివర ఐదు న్యూమరికల్ ప్రశ్నలు, అంటే జవాబును అంకెల్లో ఇవ్వాల్సినవి, ఉంటాయి. వాటికి ఆప్షన్లే ఉండవు, తప్పు రాస్తే అక్కడా ఒకటి పోతుంది. అక్కడ ఊహకు చోటే లేదు.

ఒక పోలిక చూడండి. ఆదివారం పరీక్షలో ఒక అబ్బాయి 75కి 75 పెట్టాడు. 60 ఒప్పు, 15 తప్పు, 225 మార్కులు. పక్క సెక్షన్ అమ్మాయి 64 పెట్టి 11 వదిలేసింది. 58 ఒప్పు, 6 తప్పు, 226. రెండు ప్రశ్నలు ఎక్కువ తెలిసినవాడు ఒక మార్కు వెనకబడ్డాడు. ఆ ఒక్క మార్కు దగ్గర అసలు పరీక్షలో ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి గురించి ఇంకో నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. వాళ్ల నాన్నగారు మిర్చి యార్డులో పనిచేస్తారు. సీజన్లో ఆయన ఇంటికి వచ్చేసరికి ఏ వేళ అవుతుందో ఆయనకే తెలియదు. ఆమె దగ్గర నేను చూసిన పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ, మన మెటీరియల్, పాత ప్రశ్నపత్రాలు, అంతే. జూనియర్ ఇంటర్‌లో చేరిన కొత్తలో ఫిజిక్స్ పీరియడ్ అంటే తల వంచుకుని కూర్చునేది. ఇప్పుడు వదిలేసిన 11 ప్రశ్నలకూ పక్కన "ఎందుకు వదిలాను" అని ఒక్కో ముక్క రాసుకొచ్చింది. ఒకదాని దగ్గర "నాలుగు నిమిషాలు పడుతుంది, రానంత కష్టం కాదు, చివర్లో చూద్దామనుకున్నా" అని ఉంది. పదిహేడేళ్ల పిల్లకు ఉన్న ఈ నిదానం నా స్టాఫ్ రూములో కూడా అందరికీ లేదు. బైపీసీ వాళ్లు అలగకండి, మీ వాడు ఒకడున్నాడు. మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే కదా. బయాలజీ 90 ప్రశ్నలూ 50 నిమిషాల్లో ముగించి, ఓఎంఆర్ షీటును ఏ పేజీకి ఆ పేజీ నింపుకుంటూ పోయాడు. చివరి పది నిమిషాల్లో బబుల్స్ దిద్దుకుంటూ చెమటలు పట్టే జబ్బు వాడికి లేదు.

ఇప్పుడు మీలో చాలామందికి నచ్చని విషయానికి వస్తాను. గ్రాండ్ టెస్టు అయ్యాక మూడు రోజులు కొత్త పాఠం చెప్పకుండా ఆ పేపరే పట్టుకు కూర్చుంటున్నామని, అరండల్‌పేటలో ఫలానా కాలేజీలో సిలబస్ ఎప్పుడో అయిపోయిందని ఫిర్యాదు. అయిపోయి ఉండొచ్చు. సిలబస్ అయిపోవడం వేరు, పిల్లవాడికి అది రావడం వేరు. నన్నడిగితే ఈ ప్రవేశ పరీక్షలకు ఉన్న ఒకే ఒక్క గట్టి సాధన తప్పుల నోటు. రెండు వందల పేజీల మామూలు లాంగ్ నోట్‌బుక్కు, ఇంకేం లేదు. తప్పయిన ప్రతి ప్రశ్ననూ మళ్లీ చేసి, పక్కన ఆ తప్పు ఏ జాతిదో రాయాలి: తెలియక పోయిందా, తెలిసీ తొందరలో పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, కూడికలు తీసివేతల్లో జారిందా. మొన్న ఒక నోటు తిరగేశాను. "వ్యాసార్ధం అడిగారు, వ్యాసం పెట్టాను." "సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదు." "తప్పు వాక్యం ఏది అని అడిగారు, ఒప్పుది పెట్టాను." "మళ్లీ సెంటీమీటర్లు." ఒకే పేజీలో ఏడు తప్పులుంటే అందులో ఐదు పాఠం రాక జరిగినవి కావు. ఈ పిల్లవాడికి ఇంకో పది చాప్టర్లు చెప్పినా ఈ ఐదు మార్కులు రావు, ఈ పేజీ మీద గంట కూర్చుంటే వస్తాయి. కొత్త పాఠం నేర్పడం మాకు తేలికే. పిల్లవాడిని వాడి తప్పు ముందు కూర్చోబెట్టి సిగ్గుపడకుండా చూసేలా చేయడం చాలా కష్టం. అది చేయనిస్తారా, లేదా? ఎవరెన్ని అన్నా ఆ మూడు రోజులు తీసేయను. రివిజన్ నెలలో ఇంకొకటి కలుపుతాను కూడా.

ఆ నోటులో ప్రతి వారం మీ సంతకం అడిగింది చదివి పెట్టమని. ఈ సోమవారం వచ్చినవాటిలో ఒక సంతకం అచ్చం పిల్లవాడి చేతిరాతలోనే ఉంది, పైగా నాన్నగారి ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది. మీ పనులు మీకుంటాయి, తెలుసు. రెండు నిమిషాలు చాలు. సబ్జెక్టు మీకు రావాల్సిన పనిలేదు, "మళ్లీ సెంటీమీటర్లు" అన్నది ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంటి సంగతులు ఎత్తాను కాబట్టి ఇంకొన్ని. కార్తీక వనభోజనాలు మన సంప్రదాయం, కాదనను. గ్రాండ్ టెస్టు తేదీ నెల ముందే ఇచ్చాం, అయినా ఆ ఆదివారమే తొమ్మిది మంది పిల్లలు ఉసిరి చెట్టు కింద ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించడం మంచి అలవాటని కొందరు గర్వంగా చెబుతున్నారు. రాత్రి పన్నెండు దాకా హాల్లో టీవీ మోగుతుంటే నాలుగింటికి లేచినవాడు పదింటికి నా క్లాసులో నిద్రపోతాడు, పోతున్నాడు. జేఈఈ మెయిన్ షిఫ్టులు పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 3 నుంచి 6. బుర్ర చురుగ్గా ఉండాల్సింది ఆ వేళల్లో. అందుకే మన టెస్టులు ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం పెడుతున్నాం. మధ్యాహ్నం టెస్టు రోజున దయచేసి బిర్యానీ పంపకండి. ఇక మీ బావమరిది కొడుకు ర్యాంకు, ఎదురింటివాళ్ల అమ్మాయి పర్సంటైల్ భోజనాల దగ్గర ఎత్తకుండా ఉండగలిగితే మా కౌన్సెలర్ పని సగం తగ్గుతుంది.

బ్రాడీపేటలో కనిపించిన ప్రతి పుస్తకమూ కొనివ్వడం కూడా ఆపండి. నాలుగు పుస్తకాలు ముట్టుకున్నవాడి కన్నా ఒకటి నాలుగుసార్లు చేసినవాడు నయం. జేఈఈ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి.

కంప్యూటర్ దగ్గర జరుగుతున్న నష్టం వేరే. ఆదివారం ఒకమ్మాయి ఆరు ప్రశ్నలు చక్కగా చేసి, ఆప్షన్ నొక్కి, "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కకుండా కుడిపక్కన ఉన్న నంబర్ల మీద నొక్కి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. అలా వెళ్తే జవాబు సేవ్ కాదు. ఆరూ పోయాయి. 24 మార్కులు, చదువుతో సంబంధం లేకుండా. మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకున్న ప్రశ్న నంబరు ఊదారంగులోకి మారుతుంది. దాని మీద ఆకుపచ్చ చుక్క ఉంటేనే ఆ జవాబు లెక్కలోకి వస్తుంది, చుక్క లేని ఊదారంగు అంటే జవాబు పెట్టనట్టే. న్యూమరికల్ జవాబు కీబోర్డుతో కాదు, తెర మీది అంకెలను మౌస్‌తో నొక్కి ఇవ్వాలి. మీ పిల్లలు ఫోన్లో వేళ్లు తిప్పినంత వేగంగా మౌస్ తిప్పలేరు, నమ్మండి. బుధ, శుక్రవారాల్లో నాలుగున్నర తర్వాత కంప్యూటర్ ల్యాబు తెరిచి ఉంచుతున్నాం.

ఇంటర్ మార్కులతో పనేముంది, ర్యాంకు వస్తే చాలు అనే మాట ఈ మధ్య పిల్లల నోట వింటున్నాను. వాళ్లకు ఇది ఎక్కడినుంచో వచ్చి ఉండాలి. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులదే. ఎన్‌ఐటీలో సీటు కావాలంటే జేఈఈ ర్యాంకు ఒక్కటీ చాలదు, ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లోనైనా, అంటే పైనున్న 20 శాతం మందిలోనైనా, ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ శాతం 65. ప్రాక్టికల్ రికార్డులు ఇంకా ఇవ్వనివాళ్ల జాబితా ల్యాబు తలుపు మీద ఉంది.

సంక్రాంతి అవగానే జేఈఈ తొలి విడత. పండక్కి ఊరు పంపండి, అమ్మమ్మ చేతి అరిసెలు తిననివ్వండి, కనుమ మర్నాటికి మాత్రం గుంటూరులో ఉండాలి. రెండో విడత ఏప్రిల్‌లో ఉంది, రెండింటిలో మెరుగైన స్కోరే తీసుకుంటారు. జనవరిదే ఆఖరి అవకాశం అన్నట్టు ఇంట్లో వాతావరణం తయారుచేయకండి.

మిగతావి త్వరగా: ఖోఖోలో జిల్లా స్థాయికి వెళ్లిన మన ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు అభినందనలు, వాళ్ల గురించి వచ్చే సంచికలో తీరిగ్గా రాస్తాను. కొరిటెపాడు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు. మూడో టర్మ్ ఫీజు ఇంకా కట్టనివారు ఆఫీసులో కలవండి.

శనివారం సాయంత్రం 4 గంటలకు సీనియర్ ఇంటర్ తల్లిదండ్రుల సమావేశం. మార్కుల షీటు తేనక్కర్లేదు, తప్పుల నోటు తీసుకురండి. మైనస్ ఏడు వచ్చిన విద్యార్థి తల్లిదండ్రులతో నేను ముందే మాట్లాడాను. వాళ్లు మీకంటే ప్రశాంతంగా ఉన్నారు.

నమస్కారాలతో,
ప్రధానాచార్యులు

తా.క.: ఆదివారం పరీక్ష గదుల్లో నాలుగు చేతి గడియారాలు మరిచిపోయారు. ఆఫీసులో ఉన్నాయి, తీసుకెళ్లి ఇంట్లోనే ఉంచండి. అసలు పరీక్షకు వాచీ పెట్టుకోనివ్వరు, టైమ్ తెర మీదే కనిపిస్తుంది.