వార్షిక నివేదిక: పార్కు షెడ్డులోకి వాన నీళ్లు రావడం ఆగిన సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది వీధి దీపాలు మార్పించాం, ట్యాంకులు కడిగించాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. పార్కులోని పనిముట్ల షెడ్డు గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తున్నాను. మూడు వర్షాకాలాలు మనల్ని టెన్షన్ పెట్టింది అదే, మన డబ్బు వృథా అయిందీ అక్కడే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు పాత షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టింది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. గట్టి వాన పడితే చాలు, లోపల నీళ్లు నిలిచేవి. యూరియా బస్తా గడ్డకట్టేది, వేపపిండికి బూజు పట్టేది, పారలు, కత్తెరలు తుప్పు పట్టేవి. గడ్డి కోసే మిషన్ మోటారు కూడా పోయింది. వరుసగా రెండేళ్లు రేకుల మీద వాటర్‌ప్రూఫ్ పూత వేయించినా ఫలితం లేదు.

నీళ్లు ఎక్కువగా కింద నుంచే వస్తున్నాయని మన తోటమాలి మొదటి ఏడాదే చెప్పారు. మేం పట్టించుకోలేదు. కమిటీ తరఫున ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈసారి డబ్బు పెట్టేముందు మే నెలలో పరీక్ష చేశాం. ఒకరు టార్చి పట్టుకుని లోపల ఉన్నారు. ఇంకొకరు బయట హోస్ పైపుతో ముందు నేల దగ్గర, తర్వాత గోడల మీద, చివరికి కప్పు మీద నీళ్లు పట్టారు. ముందే పైన నీళ్లు పట్టి ఉంటే అన్నీ తడిసిపోయి ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలదు. నేల దగ్గర పట్టిన కాసేపటికే గడప కింద నుంచి నీళ్లు లోపలికి వచ్చేశాయి.

కారణం మనమే. మొక్కల కోసం ఏటా ఎర్రమట్టి పోయిస్తూ వచ్చాం. పార్కు నేల పెరిగింది, షెడ్డు గచ్చు పల్లమైంది. అందుకే చుట్టూ రెండడుగుల మేర మట్టి తీయించి, కంకర కాలువ వేయించి, మూలనున్న ఇంకుడు గుంత వైపు వాలు ఇచ్చాం. పాత గచ్చు మీద పాలిథీన్ షీటు పరిచి నాలుగంగుళాల కాంక్రీటు పోయించాం. నేల చెమ్మ పైకి పాకకుండా ఆ షీటు ఆపుతుంది. గడప కూడా ఎత్తు చేయించాం.

కప్పులోనూ లోపం లేకపోలేదు. బోల్టులు రేకు పల్లాల్లో బిగించి ఉన్నాయి. నీళ్లు పారే దారి అదే కదా! రంధ్రాలున్న రేకులు తీసేసి, కొత్తవాటికి మిట్టల మీద తారు వాషర్లతో బోల్టులు వేయించాం. సముద్రపు గాలితో ఏటవాలుగా కొట్టే జల్లుకు తూర్పు చూరు ఒక అడుగు పెంచాం. ఇంకా పెంచమని కొందరు అడిగారు. చూరు మరీ బయటికి ఉంటే తుపాను గాలి దాన్ని పట్టుకుని రేకునే లేపేస్తుంది, అందుకే ఒప్పుకోలేదు.

సందులన్నీ మూసేయమన్న సభ్యులకు ఒక మాట. చలికాలం తెల్లవారుజామున వాన లేకుండానే రేకు నుంచి చుక్కలు పడేవి గుర్తుందా? అది కారడం కాదు. లోపలి గాలిలోని తేమ చల్లటి రేకుకు తగిలి నీరవుతుంది. మూసేస్తే అది ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఎదురెదురు గోడల్లో పైన జాలీ కిటికీలు పెట్టించాం.

ఈ కప్పు సుమారు 11 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 550 లీటర్లు దిగుతాయి. ఇంతకాలం ఆ నీళ్లన్నీ గోడ పాదాల్లోనే పడ్డాయి. ఇప్పుడు చూరు గొట్టం నుంచి డ్రమ్ములోకి వెళ్తున్నాయి, పొంగినవి కంకర కాలువలోకి. దోమలు గుడ్లు పెట్టకుండా డ్రమ్ముకు మూత, సన్నటి జాలీ ఉన్నాయి. దయచేసి తీసి పక్కన పెట్టకండి.

అక్టోబరు వానలకు షెడ్డు తడవలేదు. పొద్దున్నే వెళ్లి యూరియా బస్తా మీద చెయ్యి వేస్తే పొడిగా ఉంది. ఆ రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక మిగిలింది చూరు గొట్టం. పక్కనున్న కానుగ చెట్టు ఆకులతో అది తరచూ పూడుకుపోతోంది. వానాకాలంలో వారానికోసారి శుభ్రం చేయడానికి ఇద్దరు కావాలి. ముందుకొచ్చేవారు వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకంలో పేరు రాయండి. నిచ్చెన షెడ్డులోనే ఉంది.