అమ్మ పోయాక మాకు తోడు నిలిచినవాళ్లకి

మొన్న ఆదివారం అమ్మ సంవత్సరీకం అయింది. ఈ ఏడాదంతా నాకూ చెల్లికీ తోడున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రోజు ఇంటినిండా జనం, ఎవరితోనూ తీరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, ఎవరి గురించో వాళ్లకి తెలుసు.

ముందు మా పిన్నికి. పెళ్లయిన కూతురికి మైల మూడు రోజులే అంటారు. ఆ మూడు రోజులూ గడవకముందే "ఇంక నువ్వే ధైర్యంగా ఉండాలమ్మా, నాన్నని, చెల్లిని చూసుకోవాల్సింది నువ్వే కదా" అని వచ్చినవాళ్లందరూ చెప్పారు. ప్రేమతోనే అన్నారు. కానీ తల్లి పోయిన కూతురి మీద వెంటనే ఆ తల్లి చేసే పనులన్నీ వచ్చి పడతాయి. నాన్న బీపీ మాత్రలు, వచ్చేపోయేవాళ్లకి కాఫీలు, పంతులుగారు రాసిచ్చిన సామాన్ల లిస్టు, రాత్రి గ్యాస్ కట్టేయడం దాకా. వీటి మధ్య ఏడవడానికి నాకు వంతే రాలేదు. పిన్ని అది గమనించింది. పోయింది తన సొంత అక్క. అయినా పెద్దకర్మ అయ్యాక కూడా విజయవాడ వెళ్లకుండా ఉండిపోయింది. వంటింట్లోంచి నన్ను బయటికి పంపేసి, "ఆ గదిలోకి పోయి తలుపేసుకో. అన్నానికి నేనే పిలుస్తాలే" అంది. ఈ ఏడాదిలో నాకు అందిన సాయాల్లో అంతకన్నా పెద్దది లేదు.

అమ్మ చీరల విషయంలో కూడా పిన్నే అడ్డం నిలబడింది. కళ్లెదురుగా ఉంటే బాధ, ఎవరికైనా ఇచ్చేయండి అని కొందరు తొందరపెట్టారు. "బీరువాకి తాళం ఉంది, దానికేం తొందర?" అని ఊరుకుంది. నెలలు గడిచాక, మాకే తీయాలనిపించిన రోజున ముగ్గురం కూర్చుని తీశాం. ఈ పోచంపల్లిది నీ బారసాలకి కొన్నది, ఈ గద్వాలది మీ నాన్న ఎరియర్స్ వచ్చినప్పుడు అంటూ పిన్ని ఒక్కోటీ చెప్తుంటే మేం మొదటిసారి అమ్మ గురించి నవ్వుతూ మాట్లాడుకున్నాం.

ఇందిరా పార్కులో అమ్మతో వాకింగ్ చేసే ఆంటీలకి. మీరు చెల్లిని పొద్దున్నే వచ్చి తీసుకెళ్లేవాళ్లు. దాన్ని ఓదార్చాలని చూడలేదు. అమ్మ గురించి మాట్లాడారు, అంతే. అమ్మకి స్కూటీ నేర్చుకోవాలని ఉండేదట. ఆ సంగతి మాకు మీరు చెప్తేనే తెలిసింది. అమ్మ పేరెత్తితే మేం ఏడుస్తామని చాలామంది ఆ పేరే ఎత్తడం మానేశారు. మాకు కావలసింది ఆ పేరు వినడమే.

మా మరిదికి. కాగితాల పనంతా నువ్వే చూశావు. అమ్మ ఆస్పత్రిలో పోయింది కాబట్టి మరణం నమోదుకి కావలసిన వివరాలు వాళ్లే పంపారు. ఇంట్లో పోతే 21 రోజుల్లో మనమే నమోదు చేయించాలని నీవల్లే తెలిసింది. సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూశాకే కాపీలు తీయించావు. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరిగావు. అన్నిటికన్నా, అమ్మ ఫోన్ నంబర్ పోకుండా చెల్లి పేరు మీదికి మార్పించావు. రీచార్జ్ లేకుండా వదిలేస్తే కొన్నాళ్లకి ఆ నంబర్ ఇంకెవరికో వెళ్లిపోయేది. దాని విలువ నీకు ఎలా తట్టిందో కానీ, చెల్లి నీకు చాలా రుణపడి ఉంది.

టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో మాతో మాట్లాడిన కౌన్సెలర్ గారికి. చెల్లికి నిద్ర పూర్తిగా పోయింది, అన్నం సయించలేదు, అమ్మ లేకుండా నేనెందుకు అనడం మొదలుపెట్టింది. టెన్షన్‌తో అర్ధరాత్రి 14416కి ఫోన్ చేశాను. అది 24 గంటలూ ఉంటుంది, డబ్బులేం ఉండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆవిడ తొందరపడకుండా విన్నారు. ఆ మాట వచ్చిందంటే ఆలస్యం చేయొద్దు, సైకియాట్రిస్టుకి చూపించండి అని గట్టిగా చెప్పారు. చూపించాం. ఇప్పుడు చెల్లి నిద్రపోతోంది, ఉద్యోగానికి వెళ్తోంది. ఇది రాయమన్నది కూడా తనే.

ఆవిడ నాకు చెప్పిన ఇంకో విషయం ఇక్కడ రాయాలి. బాధకి ఐదు దశలుంటాయి కదా, నేను ఏ దశలో ఉన్నానో తెలియడం లేదు అని అడిగాను. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్టు ఆ దశల గురించి రాసింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి, అవి వరసగా ఎక్కే మెట్లు కావు అన్నారు. స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పింది వేరు. మనిషి కాసేపు పోయినవాళ్ల కోసం ఏడుస్తాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ ఏడుస్తాడు. ఈ రాకపోకలే సహజమట. పొద్దున ఆఫీసులో నవ్వి సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్‌లో చిక్కుడుకాయలు చూసి ఏడ్చే నాకు ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. మామూలుగా ఇది మెల్లమెల్లగా తేలికవుతుందని, నెలలు గడిచినా రోజువారీ పనులే చేసుకోలేనంత తీవ్రంగా ఉండిపోతే దానికి వైద్యం ఉందని కూడా చెప్పారు.

మా ఆఫీసులో మేనేజర్ గారికి, మాసికం రోజుల్లో అడగకుండానే సెలవిచ్చినందుకు. పక్క ఫ్లాట్ ఆంటీకి, నాన్నకి రోజూ సాయంత్రం టీ పంపినందుకు. ఆ టీ వంకతో నాన్న మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇది చదివేవాళ్లలో ఈ మధ్యే అమ్మ పోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. హైదరాబాద్‌లో ఎక్కడున్నా సరే, మీసేవ పనికైనా, డాక్టర్ దగ్గరికైనా తోడు వస్తాను. ఊరికే కూర్చుని మీ అమ్మ గురించి చెప్పాలనిపించినా వస్తాను.