మన మెకానిక్‌ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది చేసిన పనులు

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల కాగితం ఆఫీసు గోడకు అంటించాం, అనుమానం ఉంటే కోశాధికారిని నేరుగా అడగండి. చందా పెంచలేదు. ఆస్పత్రి పాలైన ఇద్దరు సభ్యులకు సంఘం నిధి నుంచి సాయం అందించాం. నెల్లూరు, కావలి, ఒంగోలు షెడ్లలో ఆదివారాలు కూర్చుని ఒకరికి తెలిసింది ఒకరికి చెప్పుకున్నాం. వాటిలో కావలిలో జరిగింది మాత్రం వివరంగా రాస్తున్నాను, ఆ రోజు రాలేని వాళ్ళు తప్పకుండా చదవాలి.

ఒక పాత పెట్రోల్ జీపు, హరికేన్ ఇంజన్. బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు వేసి, అంతా కట్టేశాక డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది) కిందికి దిగలేదు, చిటికెన వేలు మందాన పైకే నిలబడింది. మన కుర్రాడు బోల్టు బిగిస్తే అదే దిగుతుందిలే అనుకుని బిగించాడు. దాన్ని పట్టి ఉంచే క్లాంపు చెవి విరిగింది. పెద్దాయన వచ్చి "ఒరే అబ్బయ్యా, ముందు బోల్టు తీసెయ్. అది చేత్తో దిగాలి, స్పానరుతో కాదు" అన్నాడు. ఈ ఏడాది మనం నేర్చుకున్న వాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ మాటే.

ఈ ఇంజన్‌కి ఎడమవైపు బయట ఆయిల్ పంపు, కుడివైపు డిస్ట్రిబ్యూటర్ ఉంటాయి. వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్ట్ పంపు గేరుని తిప్పుతుంది, ఆ పంపు షాఫ్టు చివర ఉన్న గాడిలో డిస్ట్రిబ్యూటర్ నాలుక కూర్చుంటుంది. గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది, అందుకే నాలుక ఒకే తీరున పడుతుంది. టార్చి వేసి రంధ్రంలోకి చూస్తే గాడి కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ పెట్టి, పైనుంచి మెల్లగా నొక్కి పట్టుకుని, రోటర్‌ని (లోపల తిరుగుతూ ఒక్కో వైరుకి కరెంటు ఇచ్చే ముక్క) చేత్తో తిప్పుతూ ఉంటే ఒకచోట టక్కున దిగాలి.

మాది దిగలేదు. బయటికి తీసి చూస్తే నాలుక అంచు నలిగి ఉబ్బింది, ఇందాక బోల్టు బిగించినందుకే. అంటే మొదటి తప్పు గాడి కలవకపోవడం, రెండో తప్పు మనం చేసింది. సన్న ఆకురాయితో అంచు సాపు చేసి, బ్లాకులో డిస్ట్రిబ్యూటర్ కూర్చునే చోట గట్టిపడిన పాత మడ్డి గీకి పెడితే, అప్పుడు దిగింది.

అంతటితో అయిపోలేదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒకటో సిలిండరు ప్లగ్గు తీసి రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి, హ్యాండిల్ వేసి తిప్పించాం. గాలి వేలిని తోసినప్పుడు, టైమింగ్ గుర్తు (మంట ఎప్పుడు పడాలో చూపేది) దగ్గర ఆపాం. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి గుర్తు రెండుసార్లు వస్తుంది, గాలి తోయని గుర్తుని నమ్మితే మంట నాలుగో సిలిండరుకి పోతుంది. చూస్తే రోటర్ ఒకటో వైరుకి ఎదురుగా లేదు, పక్కకి పోయింది. పంపు పెట్టేటప్పుడు గేరు ఒక పన్ను తప్పింది. డిస్ట్రిబ్యూటర్‌ని మళ్ళీ తీసి, పంపు కూడా ఊడదీసి, ఒక పన్ను జరిపి పెట్టాం. వైర్లు 1-3-4-2 వరసలో, రోటర్ తిరిగే దిక్కున, అంటే పైనుంచి చూస్తే ఎడమ చుట్టుగా. పాయింట్ గ్యాప్ (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య సందు) 0.5 మి.మీ. హ్యాండిల్ కొట్టగానే లేచింది, షెడ్డులో ఉన్నవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం.

అంబాసిడర్ చేసేవాళ్ళు ఇదే పద్ధతి దానికీ అనుకోవద్దు. 1489 సీసీ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ పంపుకి తగలదు, మధ్యలో విడిగా ఒక గేరు షాఫ్టు ఉంటుంది. అది పూర్తిగా దిగకపోతే పైన డిస్ట్రిబ్యూటర్ ఎంత తిప్పినా కూర్చోదు. దాన్ని తీయడానికి పైన మర ఉంటుంది, 5/16 అంగుళాల బోల్టు ఎక్కించి లాగాలి. పెట్టేటప్పుడు గేరు కలుస్తూ షాఫ్టు తిరుగుతుంది, అందుకని గాడిని కొంచెం వెనక్కి ఉంచి, దిగుతూ తిరిగి సరైన చోటికి వచ్చేలా దించాలి.

విరిగిన క్లాంపు మార్చిన ఖర్చు సంఘమే పెట్టుకుంది, బండి ఓనరు దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. కుర్రాడిని ఎవరూ తిట్టలేదు, ఇంకో బండికి ఆ పని అతని చేతే చేయించాం. వచ్చే ఆదివారాలకి మీ షెడ్లలో పక్కన పడేసిన డిస్ట్రిబ్యూటర్లు, ఆయిల్ పంపులు ఉంటే తెచ్చి ఆఫీసులో ఇవ్వండి, పిల్లలు వాటి మీద చెయ్యి తిప్పుకుంటారు.